కుడికి తిరిగితే కటుకు కటుకు

చక్రమున్న ఏ వస్తువు చప్పుడు చేసినా దారిన పోయేవాళ్ళంతా ఆగి చెవి ఒగ్గే రోజులవి. ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళే రోడ్డు మీద అప్పట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డా, లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలినన్ని కార్లే కనబడేవి. మిగతావన్నీ సైకిళ్ళు, ఎద్దుల బండ్లు, కార్ఖానాలకు ఇనుము మోసే లారీలు, ఎప్పుడొస్తుందో దేవుడికి తప్ప తెలియని బస్సు. అంచేత ఒక కారుకు జబ్బు చేస్తే అది దాని సొంతదారు ఒక్కడి బాధగా ఉండేది కాదు. ద్రాక్షతోటల్లో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర్నుంచి కల్లు కుండలు దించే గౌడు దాకా అందరూ తలో మందు చెప్పేవారు. ముందు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవారు, తరవాత సలహా ఇచ్చేవారు. ఆ సలహాల్లో ఒకదాన్ని నేను సమయానికి చెవిన పెట్టి ఉంటే నా పరువు కొంతైనా మిగిలేది. కానీ ఇరవై ఒకటో ఏట మనిషికి ఉండే చెవులు వేరు. అవి పొగడ్తలకు మాత్రమే తెరుచుకుంటాయి.

నేనప్పుడు ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించుకుని, జనగామ దగ్గరి మా పల్లె నుంచి ఉప్పల్‌లోని మా మేనమామ ఇంటికి వచ్చి పడ్డాను. ఆ సర్టిఫికెట్ గురించి ఒక నిజం ముందే చెప్పేస్తాను. మా క్లాసులో ముప్పై మందికి కలిపి ఒకే ఇంజను ఉండేది. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మాస్టరు నన్ను అందరికంటే వెనక నిలబెట్టి, మొత్తం క్లాసు తరఫున నోట్సు రాయించేవాడు. మిగతావాళ్ళ చేతులకు నూనె మరకలు, నా వేళ్ళకు సిరా మరకలు. రాతపరీక్షలో నేనే ఫస్టు. పానా పట్టుకుని నిజంగా ఒక నట్టు తిప్పింది మాత్రం ఆ రెండేళ్ళలో నాలుగైదు సార్లకు మించదు. (అందులో ఒకసారి ఫోటో కోసం.)

మా మామ నాచారంలో నీటి పంపులు తయారుచేసే ఒక కార్ఖానాలో మేనేజరు సారు కారు నడిపేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చెదరని ఖాకీ చొక్కాతో ఉండేవాడు. కారు ఎక్కేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు, దిగాక బానెట్ మీద అరచేతితో రెండుసార్లు తట్టేవాడు. మాటలు తక్కువ. ఆయనే సారు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మా చెల్లె కొడుకు సార్, మస్తు చదివిండు, సర్టిఫికెట్ ఉన్నది" అని బతిమాలి నన్ను ఆ కార్ఖానా బండ్ల షెడ్డులో హెల్పరుగా పెట్టించాడు. షెడ్డులో ఉన్నవి ఒక కారు, ఒక వ్యాను. వారం తిరక్కుండానే అక్కడి పనివాళ్ళు నా పేరు మరిచిపోయి "సట్టిపికెట్టూ, జర నీళ్ళు తే!" అని పిలవడం మొదలుపెట్టారు. నేనది గౌరవం కొద్దీ పెట్టిన పేరనుకునేవాణ్ణి.

ఒక మంగళవారం ఉదయం కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. మేనేజరు సారు దిగలేదు. కిటికీలోంచి వేలితో నన్ను పిలిచాడు. సారుది కృష్ణా జిల్లా. లెక్కల్లో దిట్ట, యంత్రాలంటే మాత్రం కాస్త భయం. "ఏమయ్యా, నువ్వు మెకానిజం చదివావు కదా. రెండు రోజుల నుంచి కుడివైపు తిరిగినప్పుడల్లా ముందు చక్రంలో ఏదో కటుకు కటుకుమంటోంది. మీ మామను అడిగితే ఏ శబ్దమూ లేదంటాడు. నాకు వినిపిస్తోంది, మా అమ్మకు వినిపిస్తోంది, ఆవిడకు డెబ్భై ఏళ్ళు. నడిపేవాడికి వినిపించదా?" అన్నాడు.

మామ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

"ఎక్కు. నువ్వే విను" అన్నాడు సారు. ఎక్కాను. గేటు దాటి రోడ్డెక్కి కుడికి తిరిగాం. ఎడమవైపు ముందు చక్రంలోంచి స్పష్టంగా వచ్చింది ఆ చప్పుడు, ఎవరో గోళ్ళతో రేకు డబ్బా మీద కొడుతున్నట్టు. కటుకు, కటుకు, కటుకు. బండి తిన్నగా అవగానే మాయం. ఎడమకు తిరిగితే లేదు. మళ్ళీ కుడికి తిరిగితే కటుకు కటుకు.

"ఏం, ఉందా లేదా?"

"ఉన్నది సార్" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను, అంత చప్పుడది. మామ నావైపు ఒకసారి చూశాడు.

"సరే విను. ఆదివారం మా అమ్మను తీసుకుని బెజవాడ వెళ్ళాలి. శనివారానికి ఈ శబ్దం పోవాలి. శబ్దం పోకపోయినా, అది వినపడని మనిషే నడపాల్సి వచ్చినా, నేను వేరే డ్రైవరును చూసుకుంటాను. మీ మామను గేటు దగ్గర కూర్చోబెడతాను. పాత మనిషి, తీసెయ్యను." చివరి మాట దయతోనే అన్నాడు. మామకు అంతకంటే పెద్ద దెబ్బ ఉండదని ఆయనకు తెలియదు.

అలా నాలుగు రోజుల గడువుతో ఒక చక్రమూ, మామ బతుకూ నా చేతిలో పడ్డాయి. నిజం చెప్పొద్దూ, నాకు భయం వెయ్యలేదు. సంతోషమేసింది. ఇన్నాళ్ళకు నా చదువుకు తగిన పని దొరికిందనుకున్నాను.

మర్నాడు కారు షెడ్డులోనే ఉంది కాబట్టి మామకు వ్యాను అప్పగించి సామాను కోసం పట్నం పంపారు. నేను నా నోట్సు పుస్తకం తెచ్చి బానెట్ మీద పరిచి, 'ముందు చక్రములు – చప్పుళ్ళు – కారణములు' అన్న పేజీ తీశాను. (నా చేతిరాతే. ఎంత ముచ్చటగా ఉందో!) మొదటి కారణం బేరింగు అరుగుదల. ఇంకేం, బేరింగే అని తేల్చేశాను. రెండో కారణం దాకా చదివే ఓపిక లేకపోయింది. జాకీ పెట్టి చక్రం లేపాను. మధ్యలో మెరిసే గిన్నెలాంటి మూత ఊడదీశాను. పానా వేసి నట్లు తిప్పితే అయిదూ వెన్నపూసలో వేలు దిగినట్టు వదులైపోయాయి. ఆశ్చర్యపడాల్సిన చోట నేను గర్వపడ్డాను. 'నా చేతిలో ఇంత బలం ఉందా!' అనుకుని చొక్కా చేతులు ఇంకొంచెం పైకి మడుచుకున్నాను.

బేరింగు తీసి చూస్తే నిగనిగలాడుతోంది. అరిగిన జాడ లేదు. అయినా మందు రాసి పంపడం వైద్యుడి ధర్మం కదా, దాని నిండా గ్రీజు కూరాను. గ్రీజు మిగిలింది. మూతలో కూడా దట్టంగా పట్టించాను. ఎక్కువైతే నష్టమేముంది? మా మాస్టరు చెప్పిన ఒక సూత్రం నాకు కంఠతా వచ్చు: 'ఏది ఎట్లా ఊడదీశామో అట్లాగే బిగించవలెను.' నట్లు ఎట్లా ఉన్నాయో అట్లాగే, అదే వైపు పెట్టి, శ్రద్ధగా బిగించాను.

గురువారమంతా కారు కిక్కురుమనలేదు. సారు భుజం తట్టాడు. సాయంత్రం అత్త గిన్నెలో నాకు రెండు కోడిముక్కలు ఎక్కువ వేసింది. అత్తకు ఎవరి కష్టమైనా ప్రభువుకు విడమరిచి చెప్పుకోవడం అలవాటు. పడుకునే ముందు ప్రార్థనలో, "తండ్రీ, సారు బండి ఎడమ చక్రాన్ని నీ చేతులకు అప్పజెప్పుతున్నం. ముంగటి చక్రం ప్రభువా, ఎన్కటిది గాదు" అంది. ప్రభువు పొరపాటున వెనక చక్రం బాగుచేస్తాడేమోనని ఆమె బెంగ. నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. మామ మాత్రం కళ్ళు తెరవలేదు. ఆమెన్ అనడంలో కూడా మా అందరికంటే కాస్త వెనకబడ్డాడు, చివర్లో కళ్ళు తెరిచి మా పెదవులు ఆగాయని చూసుకున్నాక అన్నాడు. అది నేను చూశాను గానీ అర్థం చేసుకోలేదు.

శుక్రవారం ఉదయం సారు మొహం మాడ్చుకుని దిగాడు. చప్పుడు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

మధ్యాహ్నం మామా నేనూ కారు తీసుకుని ఉప్పల్ ఊరి బయట ఖాళీ జాగాకు వెళ్ళాం. నా ఆలోచన ఏమిటంటే, మామ కారును కుడివైపు గుండ్రంగా తిప్పుతూ ఉంటే నేను చక్రం పక్కనే పరుగెత్తుతూ చెవి దగ్గరగా పెట్టి వింటాను. (నోట్సులో ఇది లేదు. సొంత పరిశోధన.) మామ తిప్పడం మొదలుపెట్టాడు. నేను నడుము వంచి, తల పక్కకు వాల్చి, కారుతో పాటు దుమ్ములో పరుగు. పది నిమిషాల్లో చుట్టూ జనం చేరారు. గేదెలు కాసే ముసలమ్మ ఒకామె "ఏమాయెరా నాయినా, చక్రంల పాము జొచ్చిందా?" అని నిజమైన జాలితో అడిగింది. మరొకాయన "గాలి తియ్యిండ్రి, చప్పుడు బోతది" అన్నాడు. బండి చక్రాలు చేసే వడ్ల తాత ఒకడు చేతిలో బాడిసతో వచ్చి, కాసేపు కళ్ళు చికిలించి చూసి, "పిలగా, లోపల ఏం లేదురా. చక్రమే పట్టు దప్పి ఆడుతుంది. బండికి శీల వదులైతె గిట్లనే కొట్టుకుంటది" అన్నాడు.

"తాతా, ఇది ఎద్దుల బండి కాదు. దీంట్లో బేరింగులుంటాయి" అన్నాను, ఆయాసంలోనే కాస్త ఓపిక నటిస్తూ.

"ఏముంటె ఏంది, గుండ్రంగ తిరిగేదే గద" అని ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. చెప్పానుగా, చెవులు.

ఇంకో నాలుగు చుట్లకే నాకు గుండెలు అదిరిపోయాయి. "మామా, ఆపు!" అని అరిచాను. కారు ఆగలేదు. "ఆపూ!" ఇంకో చుట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా "ఓ డ్రైవరన్నా, ఆపు!" అని కేకలు వేశారు. మామ నిశ్చింతగా ఎదురుగా చూస్తూ మరో చుట్టు కూడా తిప్పాడు. చివరికి నేను కారు ముందుకు ఉరికి రెండు చేతులూ పైకెత్తితే అప్పుడు చూశాడు. బ్రేకు నొక్కాడు. జనం ఘొల్లుమన్నారు. మామ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇద్దరి మొహాలూ ఒకరికొకరు కనబడ్డాయి.

జనం చెదిరాక ద్రాక్షతోట రాతిగోడ నీడలో కూర్చున్నాం. నేను ఆయన కళ్ళలోకి చూస్తూ మెల్లగా అడిగాను. "ఎప్పటిసంది మామా?"

మామ నా పెదవులు చూసి జవాబిచ్చాడు. "ఆర్నెల్లయితుంది అల్లుడా. చలికాలం జలుబు జేసె, చెవులల్ల గుయ్యిమన్నది. పోతదిలే అనుకున్న. పోలే. ఎడమది జర నయం. కుడిది పూరాగ బందు." కాసేపు గోడ మీది సున్నం గోకుతూ కూర్చున్నాడు. "చక్రం చప్పుడైతుందని సారు అన్ననాడు నాకేం ఇనబడలే, లేదనేసిన. మీ అత్తకు సుత చెప్పలే. నేను అద్దంల సూస్త, రోడ్డు సూస్త, బండి ఎట్లున్నదో నా చేతులకు ఎరుకైతది. ముప్పయ్యేండ్లాయె. ఒక్క కోడిపిల్లను తొక్కలే."

"హారన్ వినపడకపోతె ఎట్ల మామా?"

"గదే భయం" అన్నాడు. బుకాయించలేదు. "సారు అమ్మగారిని ఎక్కించుకోని అంత దూరం పోవాల్నంటె నాకే మనసొప్పుతలేదు. శెనివారం దాటినంక నేనే చెప్త. కని చప్పుడు ఉండంగ చెప్తె, బండి కరాబు జేసి పోయిండంటరు. బండిని మంచిగ జేసి అప్పజెప్పి పోవాలె. గంతే."

గేటు దగ్గర కుర్చీలో ఖాకీ చొక్కాతో కూర్చుని వచ్చేపోయే కార్లకు సలాం కొడుతున్న మామను ఊహించుకున్నాను. ఎలాగైనా ఆ చప్పుడును చంపాలని ఆ క్షణంలో శపథం చేశాను. చంపడానికి చేసింది మాత్రం ఇంకొంచెం గ్రీజు. షెడ్డుకు తిరిగి వచ్చేసరికి చక్రం ఊడదీయడానికి వెలుగు చాలలేదు, మూత తీసి లోపల ఎక్కడ సందు కనబడితే అక్కడల్లా గ్రీజు కుక్కి మూసేశాను. మామ అప్పుడు కార్ఖానా ఆఫీసులో సారుతో ఆదివారం ప్రయాణం సంగతి మాట్లాడుతున్నాడు.

శనివారం పదిగంటలకు సారు స్వయంగా పరీక్షకు వచ్చాడు. వెనక సీట్లో ఆయన, ముందు మామ, మామ పక్కన నేను. నాచారం నుంచి ఉప్పల్ వైపు బయలుదేరాం. మొదటి మలుపులో కటుకు కటుకు. సారు గొంతు సవరించుకున్నాడు. రెండో మలుపులో కటుకు కటుకు. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. మూడో మలుపు పెద్దది, పూర్తిగా కుడికి తిరగాలి. ఊపిరి బిగబట్టాను. తిరిగాం. ఏ చప్పుడూ లేదు. ఇంకాస్త ముందుకెళ్ళి మళ్ళీ కుడికి. లేదు. మంత్రం వేసినట్టు మాయమైపోయింది.

నేను సీట్లోనే వెనక్కి తిరిగాను. "చూశారా సార్! గ్రీజు ఇప్పుడు పట్టింది. లోపల సర్దుకోవడానికి కొంచెం టైం పడుతుంది సార్, పుస్తకంలో కూడా అట్లనే ఉంది." (పుస్తకంలో అలాంటిదేమీ లేదు.)

"భేష్" అన్నాడు సారు. మొహం విచ్చుకుంది. "చదువుకున్నవాడి చెయ్యి పడితే ఆ తేడాయే వేరు."

సరిగ్గా అప్పుడు మామ కారు వేగం తగ్గించాడు. రోడ్డు పక్కకు తీసి, మెత్తగా, గ్లాసులో నీళ్ళు తొణకనంత మెత్తగా ఆపాడు.

"ఏమైంది? ఎందుకు ఆపావు?" అన్నాడు సారు.

నేను మామ మోచెయ్యి గిల్లాను. "మామా, పోనియ్యి! చప్పుడు పోయింది!" అని చెవి దగ్గర అరిచాను.

మామ తల అడ్డంగా ఊపాడు. "చెయ్యికి తేడా కొడుతుంది" అని దిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గెలిచిన ఆటను ఓడగొట్టే మనిషి ఉంటాడా? చిరాగ్గా నేనూ దిగాను. సారూ దిగాడు. మామ చక్రం ముందు గొంతుక్కూర్చుని, పానా చివరతో మూత లేపాడు. మూతతో పాటు ఇంత గ్రీజు ముద్ద జారి రోడ్డు మీద పడింది. ఆ ముద్దలో లడ్డూలో జీడిపప్పు కూరినట్టు రెండు నట్లు.

అయిదింటిలో రెండు ఊడిపోయాయి. రెండు బోల్టుల చివర వేలాడుతున్నాయి. ఒక్కటే ఒక్క నట్టు చక్రాన్ని పట్టుకుని ఉంది. చప్పుడు ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. కొట్టుకునే నట్లు ఊడిపోయి నా గ్రీజులో హాయిగా మునిగి పడుకున్నాయి. ఇంకో మలుపు తిరిగి ఉంటే చక్రం ఒకవైపు, మేము ఒకవైపు.

మామ ఒక నట్టు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తరవాత బోల్టుకున్న నట్టును చూశాడు. తరవాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపముంటే బాగుండేది.

సంగతేమిటంటే, ఆ నట్టుకు ఒకవైపు చదునుగా ఉంటుంది, రెండోవైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు వైపు లోపలికి పెట్టాలి. చక్రం చిల్లు కూడా అదే వాలుతో ఉంటుంది కాబట్టి రెండూ ఒకదానిలో ఒకటి కూర్చుని పట్టుకుంటాయి. పది పన్నెండు రోజుల కింద మామ చుట్టాల పెళ్ళికని సెలవు పెట్టిన రోజున కారు ముందు ఎడమ టైరు పంచరైంది. ఆ రోజు స్టెప్నీ ఎక్కించింది నేనే. నునుపుగా, అందంగా చెక్కిన వైపు లోపల దాచడమేమిటని, అందరికీ కనబడేలా దాన్ని బయటికి పెట్టి బిగించాను. చూసి మురిసిపోయాను కూడా. తరవాత బుధవారం చక్రం ఊడదీసినప్పుడు, మా మాస్టరు సూత్రం ప్రకారం, ఎట్లా ఉన్నాయో అట్లాగే మళ్ళీ తిరగేసే బిగించాను. నేను చేసిన తప్పును నేనే నాలుగు రోజులుగా శ్రద్ధగా కాపాడుతూ వచ్చానన్నమాట.

సారు మొహం పాలిపోయింది. రేపు తల్లిని ఎక్కించుకుని బెజవాడ రోడ్డు మీద వెళ్ళాల్సిన మనిషి. "ఎవరు బిగించారయ్యా ఇవి? నువ్వా, వీడా?" అని మామను అడిగాడు.

మామ తలెత్తి, "ఆఁ?" అన్నాడు.

సారు గొంతు పెంచాడు. "నట్లు! చివరగా బిగించింది ఎవరు?"

"ఆఁ? ఏంది సార్?"

సారు వంగి, మామ ఎడమ చెవి దగ్గర, రోడ్డు అవతల తోటలోని కొంగలు లేచిపోయేలా అరిచాడు. "బిగించింది ఎవరూ!"

ఎడమ చెవి కాస్త నయమని నిన్ననే నాతో అన్నాడు మామ. ఆ కేక మా పల్లెలో ఉన్న అమ్మకు కూడా వినపడి ఉంటుంది. మామ అమాయకంగా సారు మొహంలోకి చూసి, చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇనబడ్తలేదు సార్" అన్నాడు.

సారు నిటారుగా నిలబడ్డాడు. "అయితే నా అనుమానం నిజమే. పూర్తిగా చెవుడు" అన్నాడు మెల్లగా. ఆర్నెల్లుగా ఏ మాట దాచుకోవడానికి మామ అంత కష్టపడ్డాడో, ఆ మాటను తనే నడిరోడ్డు మీద ఒప్పేసుకున్నాడు, నా పేరు చెప్పాల్సి వస్తుందని.

నాకు ఆ క్షణంలో ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. ఏడుపు వచ్చింది. ఏడుపులోంచే మాట బయటపడింది. "నేనే సార్. పంచర్ నాడు నేనే ఎక్కిచ్చిన. బుధవారం నేనే విప్పి మళ్ళ బిగిచ్చిన. నట్లు ఉల్టా పెట్టిన. మామ చెయ్యే పెట్టలే."

సారు నన్ను పైనుంచి కిందకు చూశాడు. "నీకు సర్టిఫికెట్‌లో మార్కులెన్ని?"

"ఎనభై రెండు సార్."

"దేంట్లో?"

"రాతపరీక్షల సార్."

సారు మామ చేతిలోంచి నట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎటు పెట్టినా పడుతుంది కదయ్యా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. ఆయనకూ తెలియదు! మామ నా చూపుడువేలు పట్టుకుని చక్రం చిల్లులో పెట్టి అంచు చుట్టూ తిప్పించాడు. ఏటవాలు వేలికి తగిలింది. తరవాత నట్టు ఏటవాలు వైపు తాకించాడు. రెండేళ్ళ నోట్సులో నాకు ఎక్కనిది రెండు నిమిషాల్లో వేలికి ఎక్కింది. సారు కూడా అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకుని, తన వేలు ఒకసారి అందులో పెట్టి చూసుకున్నాడు.

మామ అయిదు నట్లూ సరైన వైపు పెట్టి బిగించాడు. ఒకదాని తరవాత పక్కది కాదు, ఒకటి వదిలి ఎదురుగా ఉన్నది. చేతులు తుడుచుకుంటుంటే సారు మామూలు గొంతుతో, పెద్దగా అరవకుండానే అడిగాడు. "అది సరే. శబ్దం పోయింది కదా. మరి నీకెలా తెలిసింది?"

"స్టీరింగు చెప్పింది సార్. చెయ్యిల దూడ తల ఇదిలిచ్చినట్టు అనిపిచ్చింది" అన్నాడు మామ.

ఈసారి 'ఆఁ' అనలేదు. అనడం మరిచిపోయాడు. అది నేను గమనించాను, సారూ గమనించాడు, ఒక క్షణం ఆలస్యంగా మామా గమనించుకున్నాడు. ముందు నవ్వింది సారే. "మాకు రెండేసి చెవులున్నాయి, ఏం లాభం!" అన్నాడు. ఉప్పల్ దాకా కారు పోనిమ్మని, అక్కడి హోటల్లో మాకు చాయ్ తాగించి, మామతో స్పష్టంగా, పెదవులు కనబడేలా మాట్లాడాడు. "బెజవాడ వచ్చే వారం పెట్టుకుందాం. సోమవారం నువ్వు పట్నం వెళ్ళి పెద్ద దవాఖానాలో చెవులు చూపించుకో. డాక్టరు సరే అంటేనే మళ్ళీ బండి ముట్టుకుంటావు. కాదంటే, వీడికి పని నేర్పడానికి షెడ్డులో ఉంటావు. గేటు మాట ఇక ఎత్తను." మామ తలూపాడు.

సోమవారం నేనే తోడు వెళ్ళాను. డాక్టరు మామ కుడి చెవిలోకి లైటు వేసి చూసి, "ఎప్పుడు పెట్టావయ్యా ఇది?" అంటూ సన్నటి పట్టకారుతో ఇంత దూది ఉండ బయటికి లాగాడు. చలికాలంలో జలుబుకు నూనెలో ముంచి అత్త పెట్టిన దూది! పైన కొంత ఊడి వస్తే మొత్తం వచ్చిందనుకున్నారు. మిగిలింది లోపల గుబిలితో కలిసి రాయి కట్టింది. నీళ్ళు కొట్టి రెండు చెవులూ కడిగాక మామ బయటికి వచ్చి, రోడ్డు మీద రిక్షా గంటలకూ బస్సు హారన్లకూ ఉలిక్కిపడి, "అబ్బ, ఏం లొల్లిరా! గీ లొల్లిలనే ఉంటున్నరా మీరందరు?" అన్నాడు. ఎడమ చెవిలో కొంచెం లోటు అలాగే ఉంటుందన్నాడు డాక్టరు. బండి మాత్రం నడపొచ్చన్నాడు. ఇంటికి రాగానే అత్త సంగతి విని, తను పెట్టిన దూదే ఇంత పని చేసిందని తల బాదుకుంది. మామ ఆమెను ఊరుకోబెడుతూ, "గట్టిగ ఒర్రకే, అన్నీ ఇనబడ్తున్నయి నాకు" అన్నాడు.

ఆ తరవాత ప్రతి శనివారం మామ నాచేత కారు నాలుగు చక్రాలూ విప్పించి, బిగింపించేవాడు. నోట్సు పుస్తకం షెడ్డులోకి తేనిచ్చేవాడు కాదు. కళ్ళు మూసుకుని నట్టు ఏ వైపో చెప్పమనేవాడు. ఏడాది తిరిగేసరికి నా వేళ్ళకు సిరా మరకలు పోయి అసలు మరకలు వచ్చాయి. 'సట్టిపికెట్టు' అన్న పేరు మాత్రం నేను ఆ కార్ఖానా వదిలిన రోజు దాకా పోలేదు.

నాకు లైసెన్సు వచ్చిన వారం ఒక ఉదయం, సారును పట్నంలో దింపి వస్తూ మామ కారు ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా పక్క తలుపు తీశాడు. "జరుగు" అన్నాడు. నేను స్టీరింగు ముందుకు జరిగాను. నాచారం దాకా నన్ను పోనిమ్మన్నాడు. మొదటి ఫర్లాంగు ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. రెండో ఫర్లాంగులో ఒక చెయ్యి కిటికీ మీద పెట్టుకున్నాడు. మూడోదానికి తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, గురక పెట్టి నిద్రపోయాడు. ఇన్నేళ్ళ బతుకులో నాకు చాలామంది చాలా రకాల మెప్పులు ఇచ్చారు. అంత గొప్ప మెప్పు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. ఎక్కడ కుదుపుకు ఆయన లేస్తాడోనని నేను ఎంత మెల్లగా నడిపానంటే, పాల క్యాన్ల సైకిలు ఒకటి మమ్మల్ని దాటిపోయింది, దాని వెనక ఇంకొకటి. ఒళ్ళంతా చెమటతో, వెన్ను నిటారుగా పెట్టుకుని, సైకిళ్ళకు దారి ఇస్తూ కారు నడుపుతున్న ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే, వాడి తప్పులన్నీ నాకు తెలిసి కూడా, వాడి మీద ముద్దే వస్తుంది.